బిల్డర్ పేరుతో సైటు పెడితే ట్రేడ్‌మార్కు నోటీసు వచ్చింది, డొమైన్ ఇచ్చేయాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. హైదరాబాద్‌లో ఒకే ప్రాజెక్టులో ఫ్లాట్లు బుక్ చేసుకుని, చెప్పిన గడువు దాటినా పొజెషన్ రాక విసిగిపోయినవాళ్లు కొందరు కలిసి సైటు పెట్టారు. బిల్డర్ బ్రాండు పేరు వెనక ‘బాధితులు’ అని చేర్చి డాట్ కామ్ ఒకటి, ఒట్టి బ్రాండు పేరుతో డాట్ ఇన్ ఒకటి కొన్నారు. ఏది కొట్టినా ఒకే సైటుకు వెళ్తుంది. ఇప్పుడు బిల్డర్ తరఫు లాయరు, 7 రోజుల్లో రెండు డొమైన్లూ కంపెనీకి రాసివ్వండి, లేదంటే ట్రేడ్‌మార్కు ఉల్లంఘన కింద, పరువునష్టం కింద దావా వేస్తాం అని నోటీసు పంపారు. ఇచ్చేయాలా, పోరాడాలా అన్నది మీ ప్రశ్న.

సూటి జవాబు: డాట్ కామ్ ఇవ్వనక్కర్లేదు. డాట్ ఇన్ నిలబడటం కష్టం, దాన్ని పైసా అడగకుండా వదిలేసుకోవడమే మేలు. సైటు మూసేయకండి, పాత పోస్టులు తుడిచేయకండి, ఫోన్లో బేరాలు పెట్టుకోకండి. నోటీసుకు రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆ 7 రోజులు చట్టం పెట్టిన గడువేమీ కాదు, లాయరు పెట్టుకున్నది. అయినా దాటనివ్వకండి. దాటితే ‘నోటీసిచ్చినా ఖాతరు చేయలేదు’ అనే వాక్యం దావా పత్రంలో ముందుగా కనిపిస్తుంది.

రెండు డొమైన్లకు రెండు జవాబులు ఎందుకంటే, విమర్శ సైట్ల తగాదాల్లో డొమైన్ పోయేది విమర్శ చేసినందుకు కాదు. డబ్బు వాసన తగిలినందుకో, కంపెనీ సైటే అని జనం పొరబడేలా ఉన్నందుకో పోతుంది. మీ డాట్ కామ్‌లో ఈ రెండూ లేవు. డాట్ ఇన్‌లో రెండోది ఉంది.

డాట్ కామ్‌కు వర్తించేది యూడీఆర్‌పీ, అంటే ప్రపంచ డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే సంస్థ ఐకాన్ 1999లో తెచ్చిన వివాద పరిష్కార విధానం. డొమైన్ కొన్నప్పుడు చదవకుండా టిక్కు పెట్టిన షరతుల్లో ఇదీ ఉంది, కాబట్టి మిమ్మల్ని కట్టిపడేస్తుంది. డొమైన్ లాక్కోవాలంటే కంపెనీ మూడు విషయాలూ రుజువు చేయాలి: పేరు తమ మార్కును పోలి తికమక పెట్టేలా ఉందని, ఆ పేరు మీద మీకు హక్కు గానీ న్యాయమైన ప్రయోజనం గానీ లేదని, మీరు దాన్ని దురుద్దేశంతో రిజిస్టర్ చేయడమే కాక దురుద్దేశంతోనే వాడుతున్నారని. ఒక్కటి తప్పినా ఫిర్యాదు కొట్టేస్తారు. మొదటిది వాళ్లు సులువుగానే దాటేస్తారు. బ్రాండు పేరు డొమైన్లో కనిపిస్తుంటే వెనక ఏ మాట చేర్చినా, ఈ ఫిర్యాదుల మీద తీర్పు చెప్పే ప్యానలిస్టుల్లో చాలామంది పోలిక ఉందనే అంటారు, అక్కడ శక్తి వృథా చేసుకోకండి. అసలు పోరు రెండో అంశం మీద. లాభాపేక్ష లేకుండా, జనాన్ని దారి మళ్లించి సొమ్ము చేసుకునే ఉద్దేశం లేకుండా న్యాయంగా వాడుతుంటే అది మీ హక్కేనని ఆ విధానంలోనే రాసి ఉంది. నిజమైన విమర్శ సైటు ఆ గొడుగు కిందికే వస్తుంది.

ఒట్టి బ్రాండు పేరు సంగతి వేరు. దుకాణం లోపల ఎంత నిజం చెప్పినా, బయట పక్కవాడి బోర్డు తగిలించి లోపలికి పిలిచినట్టే లెక్క. ఈ ఫిర్యాదులు వినే ఐక్యరాజ్యసమితి మేధోసంపత్తి సంస్థ వైపో 2017లో తన ప్యానళ్ల ధోరణిని క్రోడీకరించినప్పుడు, మార్కుతో అచ్చంగా సమానమైన పేరును విమర్శకు వాడటం కంపెనీలా నటించడంగా తోచే ప్రమాదముందని, దురుసు మాటో విమర్శ మాటో చేర్చిన పేరుకు ఆ ఇబ్బంది తక్కువని తేల్చింది. లోపల ‘ఇది అధికారిక సైటు కాదు’ అని రాసుకున్నంత మాత్రాన ఒట్టి పేరు గట్టెక్కదు. పొరబాటు జరిగేది పేరు టైపు చేసినప్పుడు, పేజీ చదివినప్పుడు కాదు.

మినహాయింపులు లేవని కాదు. రాయల్ డచ్ షెల్ పీఎల్‌సీ అనే కంపెనీ పూర్తి పేరుతోనే డాట్ కామ్ నడిపిన విమర్శకుల మీద షెల్ 2005లో వైపోకు వెళ్లి ఓడిపోయింది. కానీ ఆ కేసు చూపించి ధైర్యం తెచ్చుకోకండి, ఆ తర్వాత ధోరణి బిగిసింది. ఆ సైటు నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. షెల్‌కు వెళ్లాల్సిన మెయిళ్లు ఆ విమర్శకుల దగ్గరికి చేరేవని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. మీ డాట్ ఇన్ విషయంలోనూ అదే జరగొచ్చు. కస్టమరు పాన్ కాపీయో చెక్కు ఫొటోయో పంపాలనుకుని కంపెనీ డాట్ కామ్ చిరునామా బదులు డాట్ ఇన్ కొడితే అది మీ ఇన్‌బాక్సులో పడుతుంది. ఇవాళే డొమైన్ ఖాతాలో డీఎన్ఎస్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ డొమైన్‌కు ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఏ సర్వరుకు చేరాలో చెప్పేవి) ఉంటే తీసేయండి. చాలా రిజిస్ట్రార్లు, అంటే డొమైన్లు అమ్మే కంపెనీలు, మీరు అడగకుండానే వాటిని పెట్టేస్తాయి. ఆ డొమైన్ పేరుతో ఎవరు మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డును ఏ సర్వరుకూ మెయిల్ పంపే అనుమతి లేదన్నట్టు పెట్టండి. ఎంఎక్స్ రికార్డు కనబడితే చాలు, ‘ఫిషింగ్‌కు (మెయిళ్లతో మోసానికి) రంగం సిద్ధం చేశారు’ అని కంపెనీ లాయరు ఒక స్క్రీన్‌షాట్ జత చేస్తారు, ప్యానలిస్టులు దాన్ని తేలిగ్గా తీసుకోరు.

డాట్ ఇన్‌కు యూడీఆర్‌పీ కాదు, డాట్ ఇన్ పేర్లను చూసే మన దేశపు సంస్థ నిక్సీ నడిపే వివాద విధానం ఐఎన్‌డీఆర్‌పీ వర్తిస్తుంది. అక్కడ కంపెనీ పని ఇంకా తేలిక: రిజిస్టర్ చేయడంలో దురుద్దేశమో, వాడటంలో దురుద్దేశమో, ఏ ఒక్కటి చూపినా చాలు. ఒక్క ఆర్బిట్రేటరే (మధ్యవర్తి) 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం కింద అవార్డు ఇస్తారు, మామూలుగా 60 రోజుల్లో. అది నచ్చకపోతే సెక్షన్ 34 కింద 3 నెలల్లో కోర్టుకు వెళ్లాలి. ఆ సెక్షన్ కింద అవార్డు పక్కన పెట్టించడం ఎంత కష్టమో మీ లాయరును అడగండి, ముఖం చూస్తేనే తెలుస్తుంది.

వదులుకోవడం కూడా పద్ధతిగా జరగాలి. ముందు డాట్ ఇన్ నుంచి సైటుకు వెళ్లే రీడైరెక్టు ఆపేయండి. నోటీసు జవాబులో, ఏ తప్పూ ఒప్పుకోకుండా, ఒక్క రూపాయి తీసుకోకుండా ఈ డొమైన్ బదిలీకి సిద్ధమని, ఏ రిజిస్ట్రార్‌లో ఏ ఖాతాకు పంపాలో చెప్పమని రాయండి. వాళ్ల జవాబు వచ్చాకే లాక్ తీసి ఈపీపీ కోడ్ (డొమైన్ బదిలీకి కావాల్సిన రహస్య కోడ్) ఇవ్వండి. గడువు తీరి దానంతట అది పోతుందిలే అని వదిలేయకండి. మధ్యలో ఎవడో కొని జూదం యాడ్లు పెడితే ఆ పాపమూ మీ ఖాతాలోనే రాస్తారు.

ఇక డబ్బు గురించి. విమర్శకులు చేజేతులా ఓడిపోయేది ఇక్కడే. 2000లో వాల్‌మార్ట్ పేరుకు ‘సక్స్’ (ఇంగ్లీషులో ‘చెత్త’ అనే తిట్టు) చేర్చిన డొమైన్ల మీద వైపోలో వేర్వేరు ఫలితాలు వచ్చాయి. అమ్మకానికి బేరం పెట్టిన చోట డొమైన్లు కంపెనీకి పోయాయి, నిజంగా విమర్శ నడిచిన చోట కంపెనీ ఓడింది. 2001లో అమెరికా అప్పీలు కోర్టు పెటా డాట్ ఆర్గ్ కేసులో, ‘రుచికరమైన జంతువులను తినేవాళ్లు’ అని వెటకారంగా నడిపిన సైటు పేరును జంతు హక్కుల సంస్థ పెటాకే ఇప్పించింది. వెటకారం పేజీ తెరిస్తే గానీ తెలియదు, డొమైన్లో ఉన్నది అచ్చంగా పెటా పేరే. పైగా ఆ పేజీలో మాంసం, తోలు సరుకుల వ్యాపార సైట్లకు లింకులున్నాయి, పెటా తనతో ‘సెటిల్’ చేసుకోవచ్చని యజమాని బహిరంగంగా అన్నాడు.

దీనికి ఎదురుగా 2003 నాటి టాబ్‌మన్ కేసు చూడండి. టెక్సస్‌లోని ఒక షాపింగ్ మాల్ పేరుతో ఒకాయన సైటు పెట్టాడు, కంపెనీ దావా వేశాక కంపెనీ పేరుకు ‘సక్స్’ చేర్చి మరో సైటు పెట్టి గొడవంతా అందులో రాశాడు. అప్పీలు కోర్టు ఆయన పక్షానే నిలిచింది. కానీ ఆ కేసులో కంపెనీ పట్టుకుని వేలాడింది దేన్నో తెలుసా? మొదటి సైటులో ఆయన స్నేహితురాలి చొక్కాల వ్యాపారానికి పెట్టిన ఒక్క లింకును. అది తీసేసి ఉండటం ఆయనకు కలిసొచ్చింది. 2005లో జుట్టు మార్పిడి కంపెనీ బాస్లీ మీద అసంతృప్తితో ఒక మాజీ పేషెంటు కంపెనీ పేరుతోనే సైటు నడిపాడు. సరుకు అమ్మని విమర్శ ట్రేడ్‌మార్కు ఉల్లంఘన కాదని అప్పీలు కోర్టు తేల్చింది, సైబర్ స్క్వాటింగ్ (ఒకరి మార్కును డొమైన్‌గా పట్టుకుని సొమ్ము చేసుకోజూడటం) ఆరోపణను మాత్రం మళ్లీ విచారించమని కింది కోర్టుకు పంపింది. అమెరికాలో సైబర్ స్క్వాటింగ్ చట్టం కింద ఒక్కో డొమైన్‌కు 1,000 నుంచి 1,00,000 డాలర్ల దాకా పరిహారం వేయొచ్చు. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి అమెరికా చట్టం నేరుగా తగలదు. మీ బృందంలో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే ఎన్నారై కొనుగోలుదారు పేరు మీద డొమైన్ ఉంటే మాత్రం ఆ సంగతి తేలిగ్గా తీసుకోకండి.

కాబట్టి సైటులో గూగుల్ యాడ్స్ ఉంటే ఇవాళే తీసేయండి. లాయరు ఫీజుకు చందాల క్యూఆర్ కోడ్ పెట్టి ఉంటే దాన్ని వాట్సాప్ గ్రూపుకు మార్చండి. ‘వేరే మంచి ప్రాజెక్టులు ఇవిగో’ అనే పేజీ గానీ, మీలో ఎవరిదైనా ఇంటీరియర్ వ్యాపారానికి లింకు గానీ ఉంటే అది చాలా ప్రమాదం, పోటీదారుకు జనాన్ని మళ్లిస్తున్నారన్న వాదనకు దారి తీస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం: ‘మా డబ్బు వడ్డీతో ఇస్తే సైటు తీసేస్తాం’ అని ఎక్కడా అనకండి, వాట్సాప్‌లో కూడా. రీఫండు మీ న్యాయమైన హక్కే, దాన్ని రేరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) అడగండి. రెండిటినీ ఒకే వాక్యంలో కలిపితే డొమైన్‌ను తాకట్టు పెట్టి డబ్బు గుంజుతున్నట్టు చదువుతారు. కొందరు బిల్డర్ల మధ్యవర్తులు స్నేహంగా ఫోన్ చేసి ‘ఎంతకైతే వదిలేస్తారు’ అని అడిగేది ఆ ఒక్క మాట రికార్డు చేసుకోవడానికే.

మన కోర్టుల్లో పరిస్థితి చూద్దాం. ట్రేడ్‌మార్కుల చట్టం 1999, సెక్షన్ 29 కింద ఉల్లంఘన అనాలంటే మార్కును వ్యాపార క్రమంలో వాడి ఉండాలి. ఫ్లాట్లు అమ్మని, కొనని, ఆలస్యం గురించి రాసే సైటు ఆ చట్రంలో ఇమడదు. దగ్గరి తీర్పు టాటా సన్స్ వర్సెస్ గ్రీన్‌పీస్, ఢిల్లీ హైకోర్టు, జనవరి 2011. ఒడిశాలో ధామ్రా ఓడరేవు వల్ల ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు ముప్పని గ్రీన్‌పీస్ ఒక ఆన్‌లైన్ ఆట తయారుచేసి అందులో టాటా పేరు, గుర్తు వాడింది. టాటాలు 10 కోట్ల పరిహారం అడిగారు, ఆట ఆపమని మధ్యంతర ఉత్తర్వు కోరారు. జస్టిస్ రవీంద్ర భట్ ఆపలేదు. మీ జవాబులో ఈ తీర్పు ఉండాలి. అది మధ్యంతర దశలో వచ్చిన తీర్పని, డొమైన్ పేరు గురించి కాదని కూడా గుర్తుంచుకోండి, అవతలి లాయరు గుర్తుచేసే లోపే.

వాళ్లు చూపించేది 2004 నాటి సత్యం ఇన్ఫోవే తీర్పు. డొమైన్ పేర్లకూ ట్రేడ్‌మార్కుల్లాగే పాసింగ్ ఆఫ్ రక్షణ (ఒకరి పేరుతో ఇంకొకరు చలామణి కాకుండా ఆపేది) ఉంటుందని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. అది రెండు వ్యాపారాల మధ్య తగాదా, విమర్శకుల మీద కాదు. ఈ తేడా జవాబులో ఒక్క వాక్యంలో చెప్తే చాలు.

నోటీసులో పేర్కొన్న మార్కును ప్రభుత్వ ట్రేడ్‌మార్కు రికార్డులుండే ఐపీ ఇండియా వెబ్‌సైటు పబ్లిక్ సెర్చ్‌లో వెతకండి. రియల్ ఎస్టేట్ సేవలు 36వ తరగతి, నిర్మాణం 37. ‘రిజిస్టర్డ్’ అని ఉందా, ఇంకా అభ్యంతరాల్లో ఉన్నట్టు ‘అబ్జెక్టెడ్’, ‘అపోజ్డ్’ అని ఉందా చూడండి. పదం మీద రిజిస్ట్రేషన్ ఉందా, లేక లోగో బొమ్మ మీదేనా అన్నదీ చూడండి. లోగో మొత్తం మీద హక్కున్నంత మాత్రాన అందులోని ‘హోమ్స్’, ‘ఇన్‌ఫ్రా’ లాంటి మాటల మీద ప్రత్యేక హక్కు రాదు, సెక్షన్ 17 అదే చెబుతుంది. ఆధారం లేని బెదిరింపు నోటీసుల మీద సెక్షన్ 142 కింద మీరే దావా వేయొచ్చు గానీ, కంపెనీ వెంటనే ఉల్లంఘన దావా వేసి శ్రద్ధగా నడిపితే అది నిలవదు. నా సలహా: జవాబులో ప్రస్తావించండి, వేయకండి.

కేవియట్ వేయండి, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే పెట్టుకునే అర్జీ. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 148ఎ కింద, వాళ్లు దావా వేయగల కోర్టులో. 90 రోజులు పనిచేస్తుంది, తర్వాత కొత్తది వేసుకోవాలి. వాణిజ్య వివాదాల్లో దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి, అత్యవసర మధ్యంతర ఉపశమనం కోరితే మాత్రం అక్కర్లేదు. అందుకే ఇలాంటి దావాలు దాదాపు ఎప్పుడూ సీపీసీ ఆర్డర్ 39 కింద ఇంజంక్షన్ (నిషేధపు ఉత్తర్వు) పిటిషన్ జతగా వస్తాయి. కేవియట్ లేకపోతే మీ మాట వినకుండానే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు రావచ్చు. వస్తే అదే ఆర్డర్ రూల్ 4 కింద రద్దు పిటిషన్ వెంటనే వేయాలి. ఉత్తర్వు తప్పని మీకెంత అనిపించినా, అది అమల్లో ఉన్నంతకాలం పాటించాల్సిందే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలా నోటీసుల్లో ట్రేడ్‌మార్కు పైపైన కప్పిన దుప్పటి, లోపలున్న అసలు కోపం రాతల మీద. కాబట్టి మీ అసలు ప్రమాదం పరువునష్టం. ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 356 కింద 2 ఏళ్ల దాకా సాధారణ జైలు పడొచ్చు. నిజమై, ప్రజాహితం కోసమైతే మినహాయింపు ఉంది, కానీ నిజమని చూపాల్సింది మీరే. సైటులో ప్రతి పేజీ తెరిచి విశేషణాలు ఏరేయండి. ‘దొంగ బిల్డర్’, ‘వందల కోట్లు మింగాడు’ లాంటివి తీసి, అగ్రిమెంటులో పొజెషన్ తేదీ ఇది, రేరా పేజీలో ప్రాజెక్టు పూర్తి తేదీ ఇది, ఇవాళ్టికి ఎన్నో అంతస్తు దాకా వచ్చింది, ఇదిగో ఫొటో అని పెట్టండి. ఆలస్యానికి వడ్డీతో రీఫండు హక్కు రేరా చట్టం సెక్షన్ 18లో ఉందని రాయండి. మార్చేముందు పాత పేజీల కాపీలు భద్రపరచండి, లేకపోతే సాక్ష్యం చెరిపేశారంటారు.

ఇంకో సందు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. బ్రోషర్లోని ఎలివేషన్ (భవనం బయటి రూపం) బొమ్మలు, కంపెనీ లోగో సైటులో పెట్టారా? బొమ్మల మీద కాపీరైటు వాళ్లదో వాళ్ల డిజైనర్‌దో. మీ సైటును ఉంచిన అమెరికా హోస్టింగ్ కంపెనీకి ఒక్క డీఎంసీఏ (అమెరికా కాపీరైటు చట్టం) నోటీసు పంపితే మీ వాదన వినకుండానే పేజీ దిగిపోవచ్చు. కౌంటర్ నోటీసు ఇచ్చాక తిరిగి రావడానికి 10 నుంచి 14 పనిదినాలు పడుతుంది. విమర్శ కోసం న్యాయమైన వాడకం మన కాపీరైటు చట్టంలోనూ ఉంది గానీ, ఆ వాదన గెలిచేలోపు సైటు ఉండదు. పేరును మామూలు అక్షరాల్లో రాయండి, బొమ్మలు మీ ఫోనుతో మీరే తీయండి.

హోమ్‌పేజీ పైభాగాన, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, స్క్రోల్ చేయకుండానే కనబడేలా ఇలా పెట్టండి: ‘ఇది కంపెనీ అధికారిక సైటు కాదు. ఆ ప్రాజెక్టులో ఫ్లాట్లు కొన్నవాళ్లం నడుపుతున్నాం. కంపెనీ సైటుకు ఇక్కడ నొక్కండి.’ ఫుటర్లో చిన్నక్షరాల్లో పెడితే పెట్టనట్టే.

ఒకవేళ వైపో ఫిర్యాదే వస్తే, అది రిజిస్ట్రార్ దగ్గర మీరిచ్చిన మెయిల్‌కు వస్తుంది, స్పామ్ కూడా చూస్తుండండి. డొమైన్ లాక్ అవుతుంది, ఆ తర్వాత రిజిస్ట్రార్ మార్చడం, యజమాని పేరు మార్చడం కుదరదు, ప్రయత్నించినా మీకే చెడ్డపేరు. ప్రైవసీ సర్వీసు వెనక దాక్కున్నా రిజిస్ట్రార్ మీ అసలు పేరు వైపోకు చెప్పేస్తుంది. విచారణ మొదలైన తేదీ నుంచి జవాబుకు 20 రోజులు, అడిగితే ఇంకో 4 రోజులు తప్పక ఇస్తారు. జవాబు 5,000 పదాలు దాటకూడదు. అయిదు డొమైన్ల దాకా ఏకసభ్య ప్యానల్ ఫీజు 1,500 డాలర్లు, అది కంపెనీయే కడుతుంది. ముగ్గురు కావాలని మీరు అడిగితే మొత్తం 4,000లో సగం మీ వంతు. మీ డాట్ కామ్‌కు ఒక్కరు చాలు. జవాబివ్వకపోతే ఓటమి ఖాయమని కాదు గానీ, కంపెనీ చెప్పిందే ప్యానలిస్టు చదువుతారు.

విచారణ మామూలుగా రిజిస్ట్రేషన్ ఒప్పందం ఉన్న భాషలో, అంటే ఇంగ్లీషులో నడుస్తుంది. తెలుగు పోస్టులకు అనువాదం జతచేయండి. ప్యానలిస్టుకు తెలుగు వచ్చే అవకాశం లేదు కాబట్టి డొమైన్లోని చివరి మాటకు అర్థమేమిటో మొదటి పేరాలోనే చెప్పండి, మీ వాదనకు ప్రాణం అదే. హోమ్‌పేజీ స్క్రీన్‌షాట్లు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తేదీల ప్రతులు, రేరా ఫిర్యాదు నంబర్లు, డొమైన్ కొన్న రసీదు పెట్టండి. ఇవే మన కోర్టులో వాడాలంటే సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైళ్ల హ్యాష్ విలువలు (ఫైలు తర్వాత మారలేదని చూపే కోడ్) రాయాలి. స్క్రీన్‌షాట్లు తీసిన రోజే హ్యాష్ లెక్కించి పెట్టుకుంటే తర్వాత తిప్పలుండవు. వైపో డొమైన్ బదిలీ చేయమనో రద్దు చేయమనో మాత్రమే చెప్పగలదు, పరిహారం వేయలేదు. బదిలీ చేయమన్నా 10 పనిదినాల్లో కోర్టులో దావా వేసి రిజిస్ట్రార్‌కు ఆధారం పంపితే బదిలీ ఆగుతుంది. ఏ కోర్టు అన్నది కంపెనీ తన ఫిర్యాదులో ఒప్పుకున్న చోటును బట్టి, మీ చిరునామా ఊరో, రిజిస్ట్రార్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరో. ఫిర్యాదు చేతికందగానే ముందు చూడాల్సిన పేరా అదే.

నోటీసు జవాబు పేజీన్నర చాలు. మేం కొనుగోలుదారులం, పోటీదారులం కాము, ఏమీ అమ్మడం లేదు, డాట్ ఇన్ ఉచితంగా ఇస్తాం, డాట్ కామ్ ఇవ్వం. సైటులో ఏ వాక్యం తప్పో పత్రాలతో చూపిస్తే 3 రోజుల్లో సరిచేస్తాం. ఈ చివరి మాట చాలా విలువైనది. చాలా కంపెనీలు ఏ వాక్యం తప్పో చెప్పలేవు, ఆ మౌనం రేపు ఇంజంక్షన్ వాదనలో మీకు పనికొస్తుంది. రిజిస్టర్డ్ పోస్టులోనూ మెయిల్లోనూ పంపండి.

చివరగా, డొమైన్ ఎవరి పేరు మీద ఉందో ఇప్పుడే చూసుకోండి. సైటు చేసిచ్చిన కుర్రాడి పేరు మీద ఉంటే, నోటీసు చూసి భయపడి అతనే రాసిచ్చేయగలడు. ఫిర్యాదు రాకముందే మీలో బాధ్యత తీసుకునే ఒకరి అసలు పేరుకు, పనిచేసే చిరునామాకు, ఫోనుకు మార్చండి. తప్పుడు వివరాలుంటే, రిజిస్ట్రార్ అడిగిన 15 రోజుల్లో సరిచేయకపోతే డొమైన్ సస్పెండ్ అవుతుంది. వివాదం నడుస్తుండగా డొమైన్ గడువు తీరితే దాన్ని రెన్యూ చేసుకునే వీలు ఫిర్యాదుదారుకూ ఉంటుంది, కాబట్టి కనీసం 3 ఏళ్లకు డబ్బు కట్టేసి, ఖాతాకు టూ ఫ్యాక్టర్ లాగిన్ పెట్టేయండి.